పెద్దమ్మ పుచ్చుకున్న తాంబూలం

మొన్న పొద్దున్న కాఫీ తాగుతూ టీవీ పెడితే, ఏదో దేశపు పార్లమెంటులో వాతావరణ ఒప్పందాన్ని ఆమోదించాలా వద్దా అని సభ్యులు తెగ వాదించుకుంటున్నారు. భీమవరంలో మా వీధి పొడవునా ఐసు లారీల మోత, ఆ మోతలో వాళ్ల మాటలు సగం వినపడలేదు. వినాలని నాకూ అనిపించలేదు. ఒప్పందం అన్న మాట చెవిన పడగానే మా మామయ్యా, యానాం పెద్దమ్మా గుర్తుకొచ్చి, చేతిలో కాఫీ చల్లారిపోయింది.

మాది సముద్రాన్ని నమ్ముకున్న కుటుంబం. నేను నాలుగక్షరాలు నేర్చుకుని గట్టెక్కి, ఒక ఎంపీగారి ఆఫీసులో గుమాస్తాగా కుదురుకున్నాను గానీ, అమ్మ తమ్ముడైన మామయ్య మాత్రం ఒడ్డునున్న పేటలోనే వల పట్టుకుని ఉండిపోయాడు. వాళ్లిద్దరికీ అక్క మా పెద్దమ్మ. ఆవిడ భర్త ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన మనిషి కావడంతో ఆవిడకు ఆ దేశపు పౌరసత్వం, ఆ దేశపు ఓటూ వచ్చాయి. ఫ్రెంచి ముక్క ఒక్కటి రాకపోయినా, ఎన్నికలొస్తే పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లి ఓటేసి వచ్చేది. మా బంధువుల్లో మగవాళ్లంతా ఆవిడను చూడాలని తరచూ యానాం వెళ్లేవారు, వచ్చేటప్పుడు వాళ్ల సంచుల్లో సీసాలు గలగలమనేవి, అది వేరే సంగతి.

పేటలో కట్టుబాటు అని ఒకటుండేది. సన్నకళ్ల వల వేయకూడదన్నా, ఫలానా నెలలో వేటకు పోకూడదన్నా, ఇంటికొకరు ఒడ్డుకొచ్చి పెద్దల ముందు సమ్మతం చెప్పాలి. ఒక్క గడప నోరు మెదపకపోయినా అది చెల్లదు. ఒకసారి, పెళ్లికి పిలవలేదని అలిగిన ఒక ముసలావిడ మూతి ముడుచుకుని కూర్చుంటే పేట మొత్తం ఆగిపోయింది. చివరికి పెళ్లివారే వెళ్లి గడ్డం పట్టుకుని బతిమాలి తీసుకొచ్చారు. పక్క పేటతో కలిసి కట్టుబాటు చేసుకుంటే, అవతలి పెద్దకు తాంబూలం ఇచ్చేవారు. తరవాత అటువైపు ఎవరు మాట తప్పినా, తాంబూలం పుచ్చుకున్న మనిషే వచ్చి నిలబడి జవాబు చెప్పాలి.

సముద్రం ముందుకొచ్చి అలాంటి పేట ఎదుటి సరుగుడు తోట మునిగింది, వలలు ఆరబెట్టుకునే ఇసుక పోయింది, మామయ్య ఇంటికీ అలకూ మధ్య ఒక్క వరస కొబ్బరిచెట్లు మిగిలాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, భూమి వేడెక్కకుండా పొగ తగ్గించుకుంటామని దేశాలన్నీ ఒప్పుకున్నాయనీ, ఇక ఏ దేశానికాదేశం ఆమోదం తెలపడమే మిగిలిందనీ టీవీల్లో చెప్పారు. మర్నాడే మామయ్య మా ఆఫీసు మెట్లెక్కాడు.

“ఏరా అల్లుడూ, మన ఎంపీగారు సమ్మతం చెప్పేది ఎప్పుడంట?” అన్నాడు ఆశగా.

మన దగ్గర ఇలాంటివాటికి మంత్రివర్గం సరేనంటే చాలు, పార్లమెంటులో ఓటు పెట్టరు అని చెప్పాను. ఆయన మొహం చూస్తే నాకే తప్పు చేసినట్టనిపించింది. “ఎవర్నీ అడక్కుండా ఒప్పేసుకుంటే, రేపు తప్పినోణ్ణి నిలబెట్టి అడిగేదెవరండీ?” అన్నాడు. ఎప్పుడూ నన్ను ఒరే అనే మామయ్య ఆ పూట ఆఫీసు మనిషిగా చూసి అండీ అనేసరికి లేచి ఆయనకు కుర్చీ జరిపాను.

ఈలోగా ఫ్రెంచి వాళ్ల సభలో ఓటు పెట్టి మరీ ఆమోదించారని పెద్దమ్మ ఫోనులో గొప్పగా చెప్పింది. అంతే, మామయ్య పేటను ఒడ్డున కూర్చోబెట్టి గడపగడపనా సమ్మతం చెప్పించి, తమ వంతుగా ఒడ్డును కాచే మడచెట్టు కొమ్మ ఒక్కటి కూడా వంటచెరకుకు నరకమని మాటిచ్చి, పెద్దలను వెంటబెట్టుకుని యానాం వెళ్లాడు. నేనూ వెళ్లాను. ఆమోదం తెలిపిన సభకు ఓటేసిన మనిషి మాకు ఎదురుగా ఉంది, తాంబూలం ఆవిడకే ఇవ్వాలని వాళ్ల లెక్క. నవ్వొచ్చింది నాకు, కానీ అక్కడ ఎవరూ నవ్వలేదు.

“నేనొక్క ముసలిదాన్ని, అక్కడ నా మాట ఎవరు వింటార్రా?” అంది పెద్దమ్మ. అయినా ఆవిడా పేటలో పుట్టిన మనిషే. తాంబూలం కాదంటే కట్టుబాటును కాదన్నట్టేనని తెలుసు. రెండు చేతులూ చాచి పుచ్చుకుంది.

ఆ తరవాత ఒక తుపానుకు కొబ్బరిచెట్లూ, వాటి వెనకే మామయ్య ఇల్లూ సముద్రంలో కలిసిపోయాయి. తడిసిన మూట నెత్తిన పెట్టుకుని ఆయన యానాం చేరేసరికి నేను అక్కడే ఉన్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

“అక్కా, మేం కొమ్మ నరకలేదు. తాంబూలం నువ్వు పుచ్చుకున్నావు. మాట తప్పిందెవరో చెప్పు.”

నాకు ఒళ్లు మండింది. ఆవిడేం చేస్తుంది మామయ్యా అని అరవబోతే, పెద్దమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది. కట్టుబాటు ప్రకారం లేచి నిలబడి, చెంగు భుజాల చుట్టూ కప్పుకుని, తను ఎత్తుకుని పెంచిన తమ్ముడి ముందు తల వంచింది. “మావోళ్లే తప్పారురా. తప్పు నాదే” అంది. మామయ్య ఆ గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాళ్లిద్దరి మధ్యా నేను, అంత పెద్ద ఆఫీసులో పనిచేసేవాణ్ణి, గోడకు చేరబడి చూస్తూ ఉండిపోయాను.

అప్పటినుంచీ మామయ్య ఆ ఇంట్లోనే ఉన్నాడు. పెద్దమ్మ పోయి చాలాకాలమైంది. పేట జనం తలో దిక్కూ అయ్యారు, కొందరు ఇక్కడ భీమవరంలోనే రొయ్యల షెడ్లలో కనిపిస్తుంటారు. మన కాలంలో మాట ఇచ్చినవాడు మన వీధిలోనే ఉండేవాడు, కోపమొస్తే వెళ్లి వాళ్లింటి ముందు నిలబడేవాళ్లం. ఇప్పుడు ఒప్పందాలు ఎక్కడో జరుగుతున్నాయి, నీళ్లు మాత్రం మన ఇళ్లలోకే వస్తున్నాయి.

పోయిన వానాకాలం గోదావరి పొంగి పెద్దమ్మ ఇంట్లోకీ నీళ్లొచ్చాయి. మామయ్య ఫోను చేశాడు. నీళ్లు గుమ్మం దాటాయిరా అని మాత్రం చెప్పి, మాట తప్పిందెవరని నన్ను అడక్కుండానే పెట్టేశాడు.