మొగిలవ్వ అలికిన గోడ

ముందే చెప్తున్న, తప్పు నాది. మొగిలవ్వది కాదు. ఎవలన్న ఆమె మీద ఒక్క మాటన్నా నేను ఊకోను.

నా పేరు నవనీత. మాది మేడిపల్లి. మా నాయిన తాళ్ళెక్కి కల్లు గీస్తడు. నేను జగిత్యాలల సదువుకొని ఒక సంస్థల సర్వే పనికి కుదిరిన. వానకు, వరదకు, గాలిదుమారానికి ఆగే ఇండ్లు పేదోళ్ళకు కట్టియ్యాల్నని మా సంస్థ ఆలోచన. దానికి ముందుగాల జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు తావులల్ల వాడలు తిరగాలె, ఎవలి ఇల్లు ఎట్లున్నది, ఎవలికి ఏం కావాలె అని రాసుకొని రావాలె. సిరిసిల్లల బట్ట నేసే సాంచాలు నడుస్తుంటే గోడలు వణికే ఇండ్లు రాసుకున్న. జగిత్యాలల గాలికి రేకులు లేచిపోయిన ఇండ్లు రాసుకున్న. ఇగ కోరుట్ల ఏముంది, రెండు రోజుల పని అనుకున్న. గక్కడనే బోర్లపడ్డ.

కోరుట్లల వాగు పక్కన బీడీలు చేసేటోళ్ళ వాడ ఒకటున్నది. నలభై ఒక్క ఇల్లు, అన్నీ మట్టి గోడలే. అందుల చివరిది, వాగుకు అందరికన్న దగ్గరిది, మొగిలవ్వ ఇల్లు.

మొగిలవ్వకు అరవై నిండవచ్చినయి. కొడిమ్యాల దిక్కుకెళ్ళి చిన్నప్పుడే ఈ ఇంటికి కోడలుగ వచ్చింది. గుంటెడు భూమి లేని ఇల్లు. పెనిమిటి సాయన్న బాయి పూడిక తీసే కూలికి పోయి, దరి కూలి మీద పడి సచ్చిపోయిండు. పిల్లలు లేరు. ఉన్నదల్లా అత్త చిన్నవ్వ ఒక్కతే. "వయసున్నది, మారుమనువు పోవే" అని పుట్టింటోళ్ళు చెప్పిన్రట. "గీ ముసల్ది నన్ను తిట్టని తిట్టు లేదు. నేను పోతే ఇంకెవల్ని తిడ్తది?" అన్నదట మొగిలవ్వ. అత్తకు నడుమిరిగి మూడేండ్లాయె, మంచం దిగదు. తిట్లు మాత్రం తగ్గలేదు.

మొగిలవ్వ సంగతి వాడల ఎవల్ని అడిగినా ఒకటే చెప్తరు, ఆమెతోని పెట్టుకోవద్దని. ఒకసారి బీడీల కార్ఖానాల మొండయ్య అనే చెకింగ్ చేసేటాయన ఆమె కట్టలు బాగలేవని నేలకేసి కొట్టిండు. ఆమె గడపల కూసున్నది. పొద్దుగాల కూసున్నామె పొద్దుగూకే యాళ్ళకు సుత లేవలె. "పారేసినోడే ఏరాలె" అన్నది, అంతే. లోపటోళ్ళు బయటికి రాలేక, బయటోళ్ళు లోపటికి పోలేక, ఆఖరికి మొండయ్యనే వంగి ఒక్కొక్క బీడీ ఏరి చాటల పోసిండు. గసొంటి మనిషి.

సాయన్న పోయిన యాడాదే పాత గుడిసె కూలితె, ఆ నాలుగు గోడలు ఆమెనే పెట్టింది. వాగు ఒడ్డు మన్ను తెచ్చి, గడ్డి కలిపి, కాళ్ళతోని తొక్కి, వరుస మీద వరుస పెట్టుకుంట పోయింది. పొద్దంత బీడీలు, మాపటికి మన్ను. ఆ గోడల మీద ఆమెకెంత ఖాయిషో చూస్తె తెలుస్తది.

ఇగ సర్వే సంగతికి వస్త. ఒకరోజు ముందుగాల వాడల మైకు పెట్టి చెప్పిచ్చినం, "రేపు ఇండ్లు చూసేటందుకు మేడంలు వస్తున్నరు, అందరు ఇంటికాడ ఉండుర్రి" అని. గంతే! ఆడోళ్ళందరు బీడీ చాటలు పక్కకు పెట్టి ఎర్రమన్ను, పెండ కలుపుడు షురూ చేసిన్రు. పగుళ్ళు పూడ్చిన్రు, గోడలు అలికిన్రు, కింద ఎర్రగ జాజు పట్టె తీసిన్రు, వాకిట్ల ముగ్గులేసిన్రు. మా దిక్కు ఇంటికి మనిషొస్తుండంటే అలకని ఇల్లు చూపియ్యరు. మా అమ్మ సుత గంతే, ఇంటికి ఎవలన్న వస్తున్నరంటే అన్నం తినుడు మర్చిపోయి గోడల ఎంబడి పడ్తది. నాకు తెల్వక కాదు. తెలిసి సుత గా రోజు నా బుద్ధి గడ్డి తిన్నది.

మొగిలవ్వ నన్ను చూసి నవ్వుకుంట ఎదురొచ్చింది. గోడకు ఆనిచ్చి కుర్సీ ఏసి "కూసో బిడ్డా, చాయ్ పెడ్త" అన్నది. కూసున్న. నడింట్ల, నాలుగు గోడలకు దూరంగ, అత్త మంచమున్నది. గట్ల నట్టనడుమ ఎందుకేసిన్రని నేను అడగలె.

"గోడలేమన్న పగిలినయా అవ్వా?" అన్న.

"ఏం పగుల్తయి? నా చేతులతోని పెట్టిన గోడలు!" అన్నది.

నేను ట్యాబుల 'గోడలు: బాగున్నయి' అని కొట్టిన. ఫోటో తీసిన. అవుతలి వరుసల ఇంకా పదిహేనిండ్లున్నయి, ఎండ మండుతున్నది, చాయ్ సుత సగమే తాగి లేచిన. సిగ్గులేని దాన్ని.

పదిహేను రోజులకు లిస్టు వచ్చింది. నలభై ఒక్క ఇండ్లల్ల మూడే పేర్లు. ఆ మూడు ఎవలియో తెలుసా? సర్వేకు ముందు రోజు రాయికల్‌ల సుట్టాల పెండ్లికి పోయి గోడలు అలకనోళ్ళయి. వాడకు పోయి, అందరి ముంగట లిస్టు చదివిన. మొగిలవ్వ పేరు లేదు. వానాకాలం నెత్తి మీదికొచ్చింది, కొత్త ఇండ్లు అయ్యేదాక లిస్టులున్నోళ్ళకు ఎత్తు మీద కిరాయి ఇండ్లు ఇస్తమని సంస్థ మాటిచ్చింది. లిస్టుల లేకుంటే గీ వానలు గదే గోడల నడుమ.

మొగిలవ్వ చాట కింద పెట్టి లేచింది. "నువ్వు మా ఇల్లు సూసినవా, సూడలేదా?"

"చూసిన అవ్వా. గోడ మంచిగుండె. నువ్వు సుత మంచిగున్నదన్నవ్."

"మంచిగుండెనా? నీ ఈపు ఆనిచ్చినవ్ సూడు, గా జాగల నా చెయ్యి మునిగేంత పర్రె ఉన్నది. ముందు రోజే పూడ్చిన."

నాకు సుత కోపమొచ్చింది. "మరి ఎందుకు పూడ్చినవ్? నేను వచ్చిందే పగుళ్ళు చూసేటందుకు కదా! చెప్పొద్దా?"

"ఇంటికొచ్చిన మనిషికి కూలిన గోడ సూపియ్యాల్నా? బీదోళ్ళమైతే సిగ్గు లేదనుకున్నవా?" ఆమె గొంతు వాడంత వినవడ్డది. "ముసురు పట్టినప్పుడు ఏ గోడ ఎటు కూలుతదో తెల్వక ముసల్దాన్ని నడింట్ల ఏసుకొని, కండ్లు మూయకుండ కావలి కూసుంట. మంచం నడుమ ఎందుకున్నదని ఒక్క మాట అడగరాదా? గా సదువెందుకు సదివినవ్ బిడ్డా?"

నిజమే కదా. తాళ్ళెక్కేటోని బిడ్డను, మట్టి గోడల నడుమ పుట్టినదాన్ని. నేను అడగకుంటే ఎవలు అడుగుతరు? ఆటోల వచ్చేటప్పుడు ఏడ్చిన. ఆఫీసుకు పోయినంక ఇంజనీరు సారుతోని కొట్లాడిన.

ఆయన పేరు ప్రేమ్‌సాగర్. మంచోడే, గని అపార్టుమెంటుల పుట్టి అపార్టుమెంటుల పెరిగిండు. ట్యాబు నా ముంగట పెట్టి "ఫోటో చూడు నవనీతా, గోడ ఎంత బాగుందో. రేపు పైవాళ్ళు అడిగితే ఏం చెప్పను?" అన్నడు. నేను పట్టు విడువలె. "సార్, తప్పు రాసింది నేను. కావాల్నంటే నన్ను తీసెయ్యిర్రి, గని గా వాడను మల్ల చూడాలె" అన్న. శుక్రవారం లిస్టు మంజూరుకు పైకి పోతది, గురువారం తనే వస్తనన్నడు. "కానీ నాకు కళ్ళకు కనపడాలి" అన్నడు.

నేను ఉరికిన వాడకు. ఇంటింటికి తిరిగి "మీ కాల్మొక్త, గీసారి అలకకుర్రి, పూత గీకెయ్యిర్రి, పర్రెలు కనవడాలె" అని చెప్పిన. కొందరు సరేనన్నరు, కొందరు మొహం అటు తిప్పుకున్నరు. మొగిలవ్వ బీడీకి దారం చుట్టుకుంట "సూద్దాం తియ్" అన్నది.

గురువారం సారును తీసుకొని పోయిన. ముందుగాల మొగిలవ్వ ఇంటికే. పోయి చూస్తె ఏమున్నది! గోడ కొత్తగ అలికి ఉన్నది. తడి సుత ఆరలె. జాజు పట్టె ఎర్రగ మెరుస్తున్నది, గడపకు పసుపు, వాకిట్ల గింతంత ముగ్గు. ఆమె చెయ్యి పట్టి పక్కకు గుంజిన.

"అవ్వా, ఏం పని చేసినవ్? నీ కొంప నువ్వే ముంచుకున్నవ్ కదనే!"

"జర ఆగు" అన్నది. నా చెయ్యి ఇడిపిచ్చుకున్నది.

సారు గోడను ఏలితోని కొట్టి చూసిండు. లోపటికి తొంగి చూసిండు, చీకట్ల మంచం మీద దుప్పటి కనవడ్డది. "గోడ బాగానే ఉంది కదమ్మా" అన్నడు, ట్యాబు తీసుకుంట.

"బాగనే ఉంటది సార్. ఇంటికి మీరొస్తున్నరని అలికిన. సచ్చినా అలకకుండ ఉండ. ఇల్లు కావాల్నంటే నా ఇల్లు నేనే పాడువెట్టుకొని, సెయ్యి సాపి నిలవడాల్నా? గది నాతోని కాదు." గడప పక్కన వరుసగ నీళ్ళ బిందెలు పెట్టి ఉన్నయి. ఒకటి ఎత్తింది. "మీరు సూసేటందుకు వచ్చింది గోడను కాదు, వానొస్తె గోడ ఏమైతదో గది. సూడుర్రి మరి."

బిందెడు నీళ్ళు గోడకేసి కొట్టింది. పూతంత జారి కింద పడ్డది. రెండో బిందెకు లోపటి మన్ను బురదై కారింది. మూడో బిందెకు పర్రె నోరు తెరిచింది. మొగిలవ్వ మోచేతి దాక చెయ్యి పెట్టింది, లోపటి దిక్కుకెళ్ళి ఆమె ఏళ్ళు ఆడుతుంటే దర్వాజల నిలవడి నేను చూసిన. వాడంత వచ్చి చుట్టు నిలవడ్డది.

ఆమె నాలుగో బిందె ఎత్తింది. పైన పెంకలు కటకటమన్నయి.

సారు ట్యాబు నా చేతిల పడేసి ఉరికిండు. బిందె అంచు రెండు చేతులతోని పట్టుకున్నడు. "వద్దమ్మా, వద్దు! ఇంకొక్క బిందె పోస్తే గోడ కూలిపోతుంది! లోపల ముసలావిడ ఉంది, చచ్చిపోతుంది!"

మొగిలవ్వ బిందె మెల్లగ కింద పెట్టింది. కొంగుతోని చేతులు తుడుచుకున్నది.

"మా అత్తను పొద్దుగాలనే ఎత్తు మీదున్న మా వాడ బాలయ్య ఇంట్ల పండవెట్టి వచ్చిన. మంచం మీద ఉన్నది ఒట్టి దుప్పటి. ఆయనయి సుత మట్టి గోడలే, రేపు వానొచ్చినప్పుడు గిట్లనే ఉంటయి, గప్పుడు యాడికి తీస్కపోవాలె?" అన్నది. సారు కండ్లల్లకు సూటిగ చూసింది. "నీ నోటితోని ఇప్పుడేమన్నవ్ సార్? గదే రాయి."

సారు చెప్పులు విడిచి బురదల నిలవడ్డడు. నా దగ్గర ట్యాబు తీసుకున్నడు. పాతది కొట్టేసి, తన మాట తనే బయటికి చదువుకుంట రాసిండు. మొగిలవ్వ ఒక్కొక్క అక్షరం వినేదాక కదలలె.

గంతల ఎదురింటి ఆడామె కొంగు నడుముకు చెక్కుకున్నది. బోరింగు దిక్కు నడుసుకుంట వెనుకకు తిరిగి అన్నది: "సార్, జర మా ఇంటికాడ సుత నిలవడుర్రి. నీళ్ళు తెస్తున్న."