గేటు దాటించిన పరుగు

మాకవరపాలెం రోడ్డులో మా ఆయన బండిని లారీ కొట్టేసి అప్పటికి ఐదు నెలలు. కాలు అతుక్కుంది, చేతికర్ర కూడా అక్కర్లేకపోయింది. కానీ గేటు దాటడు. వీధిలో హారన్ మోగితే లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయేవాడు. వీధి చివరికి వినపడేలా మాట్లాడే మనిషి ఊఁ, ఊహూఁ తప్ప ఇంకేమీ అనడం మానేశాడు. ఈయన ఇక ఇంతేనా అని నాకు భయం పట్టుకుంది. ఆ భయంతో నిద్ర లేదు, నిద్ర లేక అందరి మీదా అరుపులు.

తలనొప్పని వెళితే డాక్టరమ్మ, "మీరు పడిపోతే ఆయన్ని చూసేదెవరండీ? రోజూ ఓ అరగంట నడవండి" అంది. నెమ్మదిగా చేసే పని ఏదీ నాకు చేతకాదు. అందుకని మర్నాడు పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా, కాన్వాసు బూట్లు తొడుక్కుని మెయిన్ రోడ్డు మీద పరుగే మొదలుపెట్టాను.

నర్సీపట్నంలో నలభై ఏళ్ల ఆడది చున్నీ నడుముకి బిగించి పరుగెడుతోందంటే, ఇంట్లో ఎవరికో ఏదో అయిందనే అర్థం. మా పాలాయన సైకిలు దిగి నోరు తెరుచుకు చూశాడు. ఒక ఆటో పక్కకొచ్చి ఆగింది.

"బేగెక్కమ్మా! ఆసుపత్రికేనా? ఎవులికేటయినాది?"

"ఎవులికీ ఏటీ అవనేదు బాబూ. ఒంటికి మంచిదని పరిగెడతన్నాను."

అతను నమ్మలేదు. ఎప్పటికైనా ఎక్కకపోతుందా అని కాస్త దూరం నా పక్కనే నడిపాడు. నవ్వొచ్చి ఆయాసం రెట్టింపయింది. ఎన్నాళ్లకో అంత నవ్వాను.

ఈలోగా పాలాయన మా ఇంటికెళ్లి, "మీ ఆవిడ ఏడుసుకుంటా పరిగెత్తిపోతంది బాబూ" అని చెప్పేశాడట. ఏడుపు అతను సొంతంగా కలిపిందే.

నేను వెనక్కి తిరిగి మా వీధి ఎదురుగా వచ్చేసరికి, రోడ్డుకి అవతల మా ఆయన! లుంగీ, బనీను, కాళ్లకి చెప్పుల్లేవు. మా ఇద్దరి మధ్యకి లారీ వస్తోంది. రావద్దని అరిచాను. ఆయన మాత్రం ఆగమని దానికి చెయ్యెత్తాడు. లారీ ఆగింది. దాని ముందు నుంచే కుంటుకుంటూ దాటొచ్చి, నా మొహం, చేతులు తడిమి చూసుకున్నాడు. నాకేమీ కాలేదని తెలిశాక అందుకున్నాడు.

"బుద్దుందా నీకు? సెప్పి ఎల్లొద్దా? ఎక్కడని ఎతుక్కోవాలి నిన్ను?"

టీ కొట్టు దగ్గరివాళ్లంతా తిరిగి చూశారు. ఐదు నెలల మాటలూ కలిపి ఒక్కసారే తిడుతున్నాడు. నాకు కళ్లనీళ్లు ఆగడం లేదు, నవ్వూ ఆగడం లేదు.

"ఇంకా తిట్టండి" అన్నాను.