రొయ్యల హాల్లో తోడు

మా రొయ్యల ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఆడవాళ్ళు చాలామంది మొదటి వారంలోనే మానేసేవారు. రాజోలు దాటాక పంటకాలవ పక్కన ఉండేది ఆ ఫ్యాక్టరీ. నేను అక్కడ టైమ్ ఆఫీసులో పనిచేసేదాన్ని. హాజరు చూడడం, గుర్తింపు కార్డులివ్వడం, సెలవు చీటీలు తీసుకోవడం నా పని. ఎవరైనా మానేస్తే రిజిస్టరులో వాళ్ళ పేరు మీద ఎర్రగీత కొట్టేదాన్ని. ఎందుకు మానేశారో అడగడం నా పనిలో లేదు గానీ, ఆడవాళ్ళని ఊళ్ళనుంచి తీసుకొచ్చే బస్సు డ్రైవరు చెబుతుండేవాడు. ఒకామె తనకి పెద్దవైపోయిన గమ్‌బూట్లతోనే మూడు రోజులు నడిచి, మడమలు కొట్టుకుపోయి మానేసిందట. వేరేవి అడగొచ్చని ఆమెకి తెలీదు. ఇంకొకామె మరుగుదొడ్డి ఎక్కడుందో తెలీక, మగ సూపర్‌వైజర్ని అడగలేక, మధ్యాహ్నం దాకా ఉగ్గబట్టుకుని, సాయంత్రం దిగేటప్పుడు కార్డు డ్రైవరు చేతిలో పెట్టేసిందట.

ఒకరోజు మేనేజరుగారు పిలిచి హెడ్డాఫీసు పంపిన కాగితం ఇచ్చారు. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ నెలరోజులపాటు ఒక పాత మనిషిని జత చెయ్యాలి. దాని పేరు బడ్డీ సిస్టమ్. కింద ఒక ఫారం. కొత్తవాళ్ళ పేరు, పాతవాళ్ళ పేరు, ఇద్దరి సంతకాలు.

"సోమవారానికల్లా మొదలెట్టేయాలమ్మా. ఫొటోలు కూడా పంపమన్నారు," అన్నారాయన.

ఆ సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలో పాతవాళ్ళందర్నీ నిలబెట్టి చెప్పాను. బడ్డీ అనగానే వెనకనుంచి ఎవరో, "ఫ్యాక్టరీలో బడ్డీకొట్టు పెడతన్నారాండీ?" అన్నారు. అందరూ నవ్వారు. నేను మళ్ళీ మొదలుపెట్టాను. కొత్తగా వచ్చినవాళ్ళకి దారి చూపించాలి, పని నేర్పాలి, భోజనానికి పక్కన కూర్చోబెట్టుకోవాలి, ఏదన్నా ఇబ్బందొస్తే కనుక్కోవాలి.

"తోడుపెళ్ళికూతురులాగ అన్నమాట," అంది ముందు వరసలో ఉన్నావిడ.

అప్పట్నుంచి దాని పేరు తోడు. ఫారాల్లో మాత్రం బడ్డీ అనే ఉండేది.

ఆ మాటన్నావిడకి యాభై దాటాయి. అంతర్వేది వైపునుంచి వచ్చేది. పుట్టింది, పెరిగింది, మెట్టింది అన్నీ వేటకెళ్ళే ఇళ్ళే. హాల్లో రొయ్య తల గిల్లడం, పొట్టు తీయడం ఆమెలా చేసేవాళ్ళు లేరు. పనిచేస్తుంటే చేతులకేసి చూసుకునేది కాదు. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. మాట మాత్రం గరుకు. కొత్తవాళ్ళు ఆమె పక్కన నిలబడడానికి జంకేవారు. అందుకే ఆమెని ఎవరికీ జత చెయ్యకూడదనుకున్నాను.

కానీ నేను జతలు వేసింది మనుషుల్ని చూసి కాదు, బస్సుల్ని చూసి. ఒకే బస్సులో వచ్చేవాళ్ళయితే పొద్దున్నే కలుసుకుంటారని నా లెక్క. అరగంటలో పట్టిక అయిపోయింది. అంతర్వేది బస్సులో మిగిలిన పాత మనిషి ఆమె ఒక్కతే. ఆ వారం చేరినవాళ్ళలో సఖినేటిపల్లి దగ్గర ఎక్కే ఒకావిడ ఉంది. ఇద్దర్నీ ఒక గీత మీద రాసేశాను.

కొత్తావిడకి నలభైకి దగ్గరగా ఉంటాయి. కువైట్‌లో ఒక ఇంట్లో చాలా ఏళ్ళు వంటపని, బట్టలపని చేసి వచ్చేసింది. భర్త రొయ్యల చెరువు దగ్గర కాపలా. కార్డు రాస్తుంటే నేను అడక్కుండానే గోళ్ళు చూపించింది. "అక్కడ మా మేడం ఇంట్లో రోజుకి పదిసార్లు చేతులు కడుక్కోవాలండి. నాకు శుభ్రం గురించి చెప్పక్కర్లేదు," అంది.

మొదటిరోజు ఇద్దరూ నా బల్లముందుకొచ్చారు. కొత్తావిడ సంతకం చేసింది. పెద్దావిడ వేలిముద్ర వేసేముందు, "ఇందులో ఏం రాసుందండీ?" అని అడిగింది.

చదివి వినిపించాను. హెడ్డాఫీసువాళ్ళు ఇంగ్లీషులో రాసింది నేనే తెలుగు చేశాను. తోటి కార్మికురాలి బాగోగులకు నేను బాధ్యత వహిస్తాను.

"బాగోగులంటే అన్నీనాండీ?"

"ఇక్కడున్నంతసేపూ, పిన్నిగారూ."

"ఆయ్," అని వేలు సిరాలో అద్దింది.

నాలుగోరోజు భోజనాల వేళ కొత్తావిడ నా దగ్గరికొచ్చింది. నన్ను వేరే చోట వెయ్యండి మేడం అంది. ఎందుకని అడిగాను. చెప్పడానికి మొహమాటపడింది. చివరికి, "ఆవిడ పక్కన నాకు ఊపిరాడదండి," అంది.

ఆ మాట నేను ముందే ఊహించాను. పెద్దావిడ కసురుతుందని, తప్పు చేస్తే చేతిలోంచి రొయ్య లాక్కుంటుందని నాకు తెలుసు. కువైట్లో పెద్ద ఇల్లు చక్కబెట్టుకొచ్చిన మనిషికి అది నామోషీగా ఉంటుంది మరి. ఒక నెల ఓర్చుకోమ్మా అన్నాను. మార్చలేదు. అందులో ఆలోచించి తీసుకున్న నిర్ణయమేమీ లేదు. ఫారంలో జత మార్చడానికి గడి లేదు, అంతే.

ఆ తర్వాత ఆమె మళ్ళీ అడగలేదు. హాల్లోకి వెళ్ళినప్పుడు చూసేదాన్ని. ఇద్దరూ రొయ్యలు కడిగే తొట్టి పక్కనే, మొదటి బల్ల దగ్గర నిలబడేవారు. పెద్దావిడకి ఇష్టమైన చోటది, సరుకు ముందు అక్కడికే వస్తుంది. తొట్టిమీద గొట్టాలనుంచి నీళ్ళు జోరుగా పడుతుంటే తుంపర మంచులా లేచేది. రబ్బరు గ్లౌజుల లోపల నూలు గ్లౌజులు వేసుకోవడం పెద్దావిడ నేర్పింది. టీ విరామంలో ఐసుకి మొద్దుబారిన వేళ్ళని ముందు చంకలో పెట్టుకుని వెచ్చబెట్టుకోమని, తర్వాతే గ్లాసు పట్టుకోమని నేర్పింది. రెండోవారానికి కొత్తావిడ చేతులు కుదురుకున్నాయి. భోజనాల దగ్గర పెద్దావిడ తన డబ్బాలోంచి చింతకాయ పచ్చడి ఆమె మూతలో వేస్తుంటే చూశాను. ఫొటో తీసి పంపాను. హెడ్డాఫీసునుంచి చప్పట్లు కొడుతున్న బొమ్మ వచ్చింది.

మూడోవారంలో ఒకరోజు కొత్తావిడ రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ రోజు పదిగంటలవేళ పెద్దావిడ గౌను, టోపీ విప్పేసి ఆఫీసు గుమ్మంలో నిలబడింది. షిఫ్టు మధ్యలో అలా రావడం కుదరదు.

"నా తోడు రాలేదండి."

"తెలుసు పిన్నిగారూ, గైర్హాజరు వేశాను."

"నిన్న బస్సు ఆపించి చూసేనండి. రోడ్డుమీదకి రాలేదు. ఫోను తియ్యట్లేదు. పూట సెలవియ్యండి, వెళ్ళి చూసొస్తాను."

"అదంతా మీరు చూసుకోవాలా?"

ఆమె నావైపు అర్థంకానట్టు చూసింది. "మీరే కదండీ చదివి వినిపించేరు, బాధ్యత అని," అంది.

మేనేజరుగారికి చెప్పి నా స్కూటీ మీద ఆమెని ఎక్కించుకున్నాను. సఖినేటిపల్లి దగ్గర కొబ్బరితోటలో ఉన్న కొత్తావిడ ఇల్లు వెతకడానికి కొంచెం సేపు పట్టింది. అత్తగారు తలుపు తీసింది. కొత్తావిడ గోడకి ఆనుకుని కూర్చునుంది. పడుకుంటే ఆయాసం వస్తోందట. చేతులు మోచేతులదాకా దద్దుర్లు తేలి, వేళ్ళు వాచిపోయున్నాయి. ఊపిరి పీలుస్తుంటే పిల్లికూతలా వినబడింది.

"ఎన్నాళ్ళయిందమ్మా ఇలాగ?" అన్నాను.

"మొదట్నుంచీ కొంచెం ఉందండి. ఆ తొట్టి దగ్గర నిలబడితే ఎక్కువవుతోంది. చెప్పేను కదండీ మీతో, అక్కడ ఊపిరాడట్లేదని. పని పోతుందని మళ్ళీ చెప్పలేదు."

పెద్దావిడ ముందుకొచ్చి ఆమె పక్కన కూర్చుంది. "నాకూ చెప్పిందండి. దగ్గొస్తంది అక్కా అని. ఐసుకి అలాగే ఉంటది, అలవాటైపోద్ది అన్నాను. రోజూ అదే అన్నాను." అని ఆమె చేతుల్ని తిప్పి తిప్పి చూసింది. రొయ్య బాగుందో లేదో చూసేటప్పుడు కూడా ఆమె అలాగే చూసేది.

ఆటో మాట్లాడి రాజోలు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మందు పొగలాగ పీల్చే గొట్టం పెట్టారు. గంటకి మనిషి తేరుకుంది. రొయ్యల నీటి తుంపర పడని ఒళ్ళు, ఇంక ఆ హాల్లోకి వెళ్ళకూడదన్నారు డాక్టరుగారు. ఇంకో వారం అలాగే నెట్టుకొచ్చుంటే ఎలా ఉండేదో చెప్పలేనన్నారు. పెద్దావిడ అది విని వరండాలోకి వెళ్ళి కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నాకెప్పుడూ రాలేదండి ఆ రోగం. వత్తదని తెలీదు," అంది. నాకూ తెలీదు పిన్నిగారూ అన్నాను. నిజమే. కానీ కొత్తావిడ ఒకసారి చెప్పింది నాకు. పెద్దావిడ కసురు పడలేక మాటవరసకి అలా అన్నదనుకున్నాను. అలా అనుకున్నానని ఆ వరండాలో పెద్దావిడతో చెప్పలేదు.

మర్నాడు పెద్దావిడా నేనూ మేనేజరుగారి ముందుకెళ్ళాం. హాల్లో పనికిరాకపోతే మానిపించేయడమే కదా అన్నారాయన. మనుషులు మానకుండా ఉండడానికే కదా సార్ ఈ సిస్టం పెట్టింది అన్నాను. నేను ఆయనకి ఎదురు చెప్పింది అప్పుడే. పక్కనే పెద్దావిడ చేతులు కట్టుకుని నిలబడింది. "గేటు దగ్గర మాకు గౌన్లూ బూట్లూ ఇచ్చే గదుంది కదండీ. అక్కడ తుంపరుండదు. ఆవిడ అరబ్బుల ఇంట్లో బట్టలు చూసుకున్న మనిషి," అంది. ఆయన నేను తెచ్చిన వాళ్ళిద్దరి బడ్డీ ఫారం అటూ ఇటూ తిప్పి, సరే ఒక నెల చూద్దామన్నారు.

కొత్తావిడ ఆ గదిలో కుదురుకుంది. ఉతికొచ్చిన గౌన్లు కొలతలవారీగా అరల్లో పెట్టించింది. గమ్‌బూట్లు ఇచ్చేటప్పుడు కాలు పెట్టి నాలుగడుగులు నడిచి చూపించమనేది. మరుగుదొడ్డి ఎక్కడుందో మొదటిరోజే ప్రతి ఒక్కరికీ చెప్పేది.

నేను ఫారం మార్చాను. వారానికోసారి కొత్తవాళ్ళని పాతవాళ్ళు లేకుండా విడిగా పిలిచి అడగాలి. దగ్గు, దురద, ఆయాసం ఉన్నాయా అని పేరుపేరునా అడగాలి. జత మార్చమంటే కారణం చెప్పక్కర్లేకుండా మార్చాలి. హెడ్డాఫీసు ఆ ఫారం ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. పాత ఫారాలు నింపి వాళ్ళకి పంపేదాన్ని, కొత్తవి నా సొరుగులో ఉంచుకునేదాన్ని. మానేసేవాళ్ళు తగ్గారు. అందరూ ఉండిపోయారని చెప్పలేను.

పెద్దావిడ మరొకర్ని జత చేసుకోవడానికి చాలా రోజులు ఒప్పుకోలేదు. తర్వాత మలికిపురం నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు వస్తే తానే పిలిచి తీసుకెళ్ళింది. తొట్టి పక్కన మాత్రం వాళ్ళని నిలబెట్టలేదు. తను కూడా మూడో బల్ల దగ్గరికి మారింది. కసరడం మానలేదు. ఏడాది తిరిగేసరికి మోకాళ్ళు సహకరించక పని మానేసి, కొత్తపేటలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు ఆఫీసుకొచ్చి కార్డిచ్చి, కుర్చీలో కూర్చోమంటే కూర్చోకుండా, కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నాకు అమలాపురంలో వేరే ఉద్యోగం వచ్చింది. నా చోట్లో కొత్తగా చేరిన అమ్మాయికి రెండు రోజులు కూర్చుని అన్నీ అప్పజెప్పాను. సొరుగులో ఫారాలు ఎందుకున్నాయో కూడా చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా రాసుకుంది.