గ్లవ్స్ కంపెనీ షేర్లు

లాభం చేతికి రాకముందే మా ఆయన కృతజ్ఞత కూడిక పెట్టేశారు. ఏ మేలు జరిగినా ఢిల్లీలోని మా తెలుగు సంఘం వాళ్ళను ఇంటికి పిలిచి, ప్రార్థన చేయించి, బిర్యానీ పెట్టడం మాకు అలవాటు. లక్ష్మీ నగర్ కోచింగ్‌లో ట్రేడింగ్ నేర్చుకున్న ఆయన, శుక్రవారం సాయంత్రానికి అందరినీ పిలిచారు. ఆ శుక్రవారం పొద్దునే షేర్ల మార్కెట్ కుప్పకూలింది.

నా దారి వేరు. నేను బడి మొహం చూడలేదు. నాన్న ఇంట్లోనే బైబిలూ లెక్కలూ నేర్పారు. స్తోత్రం, ఆ చదువే అక్కరకొచ్చింది. నర్సుగా చేసే అక్క ఓసారి, "ఈ కంపెనీ గ్లవ్స్ ఒక్కటే వేలు దూర్చగానే చిరగదే" అంది. ఇంగ్లీషు నిఘంటువు దగ్గర పెట్టుకుని ఆ కంపెనీ వార్షిక నివేదికలు చదివాను. అప్పు లేదు, ఏటా లాభం ఉంది, మార్కెట్లో ధర మాత్రం నేను లెక్కగట్టిన విలువకంటే బాగా తక్కువ. కుట్టుపని డబ్బుతో కొద్దికొద్దిగా కొన్నాను.

మధ్యాహ్నం ఆయన వంటింట్లోకి వచ్చారు.

"నీ యాప్ పిన్ చెప్పవే. నీ షేర్లు అమ్ముతానంటే ఫ్రెండు ఇప్పుడే డబ్బు సర్దుతాడు. లేకపోతే అప్పు మీద కొన్న నావన్నీ బ్రోకరు అమ్మేస్తాడు."

"నేను అమ్మనండీ."

"తొడుగులమ్మే కంపెనీ, అదో షేరు! అదీ పడింది, చూడు."

"ధర పడింది. ఆస్పత్రుల్లో ఇవాళ ఆపరేషన్లు ఆగాయా?"

చెంప పగిలింది. జుట్టు పట్టి నా తల పొయ్యిగట్టుకేసి కొట్టారు. కనుబొమ చిట్లి, నానబెట్టిన బియ్యంలో రక్తం పడింది. నా బొటనవేలు నొక్కి ఫోను తెరిచారు. యాప్ పిన్ అడిగింది. నా వేళ్ళు ఒక్కొక్కటే వెనక్కి విరిచారు. చిటికెనవేలు టక్కుమంది. కీర్తన గొణుక్కున్నాను, పిన్ చెప్పలేదు.

పక్కింటాయన తలుపు బాదాడు. "భాభీజీ, సబ్ ఠీక్ హై?"

"ఠీక్ హై భయ్యా, కుక్కర్ గిర్ గయా" అని, కుక్కర్ పడిందని బొంకారు ఈయన, నా నోరు మూసి. ఆ చెయ్యి కొరికి అరిచాను. తలుపు ఇంకా గట్టిగా మోగింది. ఈయన గడియ తీయక తప్పలేదు.

పక్కింటాయన వెనకాలే, వంటసాయానికని డ్యూటీ నుంచి తిన్నగా వస్తున్న అక్క లోపలికొచ్చింది. ఎప్పుడూ "మరిదిగారూ" అనే మనిషి, "ఏం చేశావురా దాన్ని?" అంటూ అట్లకాడ అందుకుంది. ఆయన కుక్కర్ మూత ఎత్తారు. పక్కింటాయన ఆ చెయ్యి వెనక్కి మెలిపెట్టి పట్టుకున్నాడు. అప్పుడే ఆయన ఫోను మోగింది. బ్రోకరు ఆయన షేర్లన్నీ అమ్మేశాడని మెసేజ్. విడిపించుకుని ఫోను గోడకేసి కొట్టారు.

అక్క సంచీలోంచి గ్లవ్స్ తీసి తొడుక్కుని నా కనుబొమ అదిమి పట్టింది.

"చూసి చెప్పు, నీ కంపెనీవేనా?" అని నన్ను మాటల్లో పెట్టింది.

"అవే."

"చిరగలేదులే. పద."

ఆ సాయంత్రం సంఘం వాళ్ళు ఇంటికొచ్చేసరికి నాకు ఆస్పత్రిలో కుట్లు పడుతున్నాయి. ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు. షేర్లు నా దగ్గరే ఉన్నాయి. మొదటి డివిడెండ్‌లో దశమభాగం సంఘానికిచ్చాను. కూడిక పెట్టలేదు. తలుపు బాదిన ఆ పక్కింటాయనకు మాత్రం బిర్యానీ వండి పంపాను.