లొంగని లడ్లు

లెక్కల మాస్టారుగా రిటైరైన జాన్ ప్రసాద్ గారు ఏది కొన్నా సమంగా పంచడానికి వీల్లేని సంఖ్యలోనే కొంటారు. చివర్న మిగిలింది తానే నోట్లో వేసుకోవచ్చని ఆయన ఎత్తు. ఇది నర్సీపట్నం చర్చి వీధిలో అందరూ చెప్పుకునే మాట.

అరటిపళ్ల గంగులు ఆయన్ని చూస్తేనే తల పట్టుకునేవాడు.

"డజను తీసుకోండి మాస్టారూ!"

"పదకొండు చాలు."

"ఇంకోటి ఊరికే ఏస్తానండీ బాబూ!"

"వద్దయ్యా. పన్నెండు ఎవరు పిలిస్తే వాళ్ల వెంట పోతుంది. ఇద్దరికీ లొంగుతుంది, ముగ్గురికీ లొంగుతుంది. పదకొండు చూడు, ఎంత పౌరుషమో!"

గంగులు పళ్లను తిప్పి తిప్పి చూసేవాడు. పౌరుషం ఎక్కడుందో కనిపించేది కాదు.

"పెళ్లిచూపులకి కూడా పదముగ్గురిని ఎంటేసుకొచ్చారు ఈయన," అనేవారు ఆయన భార్య రత్నమణి గారు.

2003లో కోత పండుగకి చర్చిలో పంచడానికి మాస్టారు లడ్లు ఇచ్చారు. వెయ్యిన్నీ తొమ్మిది. లెక్కపెట్టే పని దీనాకు అప్పజెప్పారు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన దీనా నలుగురిలో నోరు విప్పదు. అందరికీ అందించడమే తప్ప తాను వరసలో నిలబడి ఎరగదు.

పొట్లాలన్నీ సమంగా ఉండాలి. కిందటేడు తమ పొట్లంలో ఒకటి తగ్గిందని రావికమతం ఊరివాళ్లు రోలుగుంట ఊరివాళ్లతో క్రిస్మస్ దాకా మాట్లాడలేదు.

పంపకం పెత్తనమంతా చూసే అచ్చియమ్మ పొట్లానికి ఏడేసి కట్టించింది. ఒకటి మిగిలింది. విప్పించి ఎనిమిదేసి కట్టించింది. ఒకటి మిగిలింది. తొమ్మిదేసి కట్టినా అదే ఒక్కటి, పళ్లెంలో కూర్చుని అందర్నీ చూస్తోంది.

"ఏటే ఇది, దెయ్యం పట్టిన లడ్డా? నువ్వే లెక్క తప్పేవు దీనా! బడి మానేసిన గుంటకి లెక్క ఎవలప్పజెప్పినారమ్మా!"

దీనా చెవులు మండిపోయాయి. సరిగ్గానే లెక్కపెట్టింది కదా? మరి ఏడుకీ, ఎనిమిదికీ, తొమ్మిదికీ ఒక్కటే ఎలా మిగులుతుంది? తప్పని తేలితే ఇక ఎవరూ తనకు ఏ పనీ అప్పజెప్పరు.

అంతలో మాస్టారు వచ్చారు. "ఎన్ని మిగిలాయి?"

"ఎలా కట్టినా ఒకటేనండీ!" అంది అచ్చియమ్మ.

"అయితే దీనా లెక్క బంగారం! ఒక్కటి తగ్గి ఉంటే మీ పొట్లాలన్నిటికీ బుద్ధిగా సరిపోయేది. వెయ్యిన్నీ తొమ్మిది ఒకటికీ, తనకీ తప్ప ఇంకెవరికీ లొంగదు."

అచ్చియమ్మకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆ తొమ్మిదేసి పొట్లాలనే పంచేసింది. పంపకం అయ్యాక పళ్లెం చూపించి, పక్కావిడకు కన్ను గీటింది. "మరి ఈ మిగిలిందేటి సేస్తారండీ?"

"ఇంకా ఎవరికి అందలేదో చూడండి."

ఆడవాళ్లంతా వెతికారు. పాస్టరు గారికి అందింది. గంట కొట్టే మత్స్యలింగానికి అందింది. చివరికి తలుపు చాటున దీనా దొరికింది.

"ఏడాదేడాదీ ఇలాగే ఎవరో ఒకరు దొరుకుతారు," అంటూ మాస్టారు ఆ లడ్డును ఆమె చేతిలో పెట్టారు.

దీనా సగం తుంచి ఆయనకు ఇవ్వబోయింది. రత్నమణి గారు గబగబా వచ్చి చెయ్యి అడ్డం పెట్టారు.

మాస్టారికి షుగరు. ఆయన లడ్డు తిని ఏళ్లయింది.