కత్తెర లేని వేళ

మా వదిన చేత దెబ్బలు తినని మనిషి ఈ వీధిలో తక్కువ. కొందరికి నోటితో పడ్డాయి, కొందరికి చేత్తో. ఒకతను వానలో తడిసిన టెంటును అలాగే మడిచి, సంచిలో కుక్కి, వారం తర్వాత తెచ్చిచ్చాడు. విప్పితే నీళ్ళు దూరనివ్వని లోపలి పూత జిగురు కట్టి పొరలు పొరలుగా ఊడొచ్చింది. ఆ సంచితోనే అతని వీపు విమానం మోత మోగించింది. ఆరడుగుల మనిషి "ఆంటీ, ఆంటీ" అంటూ మెట్లు దిగి పరుగో పరుగు.

మాది కొండెక్కేవాళ్ళకి టెంట్లు అద్దెకిచ్చే కొట్టు. పందిళ్ళూ షామియానాలూ కావు, ఇద్దరో ముగ్గురో దూరి పడుకునే చిన్న గుడారాలు. కొట్టు మా ఆయనది. అది నిలబడింది మాత్రం ఆయన అక్క వల్ల. వీధిలో అందరూ ఆవిణ్ణి దబ్బనం అంటారు. సన్నగా, పొడుగ్గా, నిటారుగా ఉంటుంది. మాట గుచ్చిందంటే అవతలికి దిగుతుంది. ఆ పేరుతో ఎదురుగా పిలిచే ధైర్యం మాత్రం ఎవడికీ లేదు.

ఆవిడ మా ఇంటికి వచ్చింది పగిలిన దవడతో. మొగుడు లారీ తోలేవాడు. కూర చల్లారిందని కొట్టాడు, వేడిగా ఉందని కొట్టాడు, చివరికి ఏ వంకా దొరక్క "నా వైపు అలా చూస్తావేం" అని కొట్టాడు. వరసకి నాకు అన్నయ్య అవుతాడు. ఆ పిలుపు నా నోట ఏనాడూ రాలేదు. వదిన నోరు తెరవలేక గంజి తాగుతూ, కొట్టు వెనక గదిలో కూర్చుని చిరిగిన టెంట్లు కుట్టడం మొదలుపెట్టింది. దవడ అతికింది గానీ, కొంచెం పక్కకి అతికింది. నవ్వితే మూతి వంకర పోతుంది, అందుకని ఎక్కువ నవ్వదు. కోప్పడడానికి మాత్రం ఆ వంకర అడ్డు రాలేదు.

టెంటు విషయంలో ఆవిడ చెప్పిందే వేదం. గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి స్పాంజి, అంతే. ఆరబెట్టేది నీడలోనే. ఎండ తగిలితే గుడ్డ పెళుసెక్కి చస్తుంది. కుట్ల మీద అంటించిన పాత పట్టీ లేచిపోతే దాన్ని పూర్తిగా పీకేసి, స్పిరిటుతో తుడిచి, కొత్త జిగురు సన్నటి కుంచెతో రాసి, ఆరేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వదు. ఒకసారి మా ఆయన బురద వదల్లేదని టెంటును సబ్బు పొడిలో నానబెట్టి బండకేసి ఉతికాడు. చూడ్డానికి నిగనిగలాడింది. మర్నాడు నీళ్ళు పోస్తే జల్లెడే నయం. ఆ తడి టెంటు పట్టుకుని తమ్ముణ్ణి వీధి చివరిదాకా తరిమింది.

"ఒరేయ్ దరిద్రుడా, ఇది మసిగుడ్డనుకున్నావా! పూతంతా కడిగేశావు కదరా!"

ఆయన నవ్వుతూనే పరుగెత్తాడు. అక్క చేతి దెబ్బ ఆయనకి చిన్నప్పటి నుంచీ అలవాటే.

బాగుచేసిన ప్రతి టెంటుకీ పెరట్లో ఒక పరీక్ష ఉంటుంది. దాన్ని మేం తలంటు అంటాం. టెంటును నిలబెడతాం. వదిన లోపలికి దూరి జిప్పు మూసుకుంటుంది. చేతిలో సుద్దముక్క ఒక్కటే ఉంటుంది. కత్తెర, సూది, జడపిన్నుతో సహా గీసుకునే వస్తువులన్నీ బల్ల మీద వదిలేసి వెళ్తుంది. కొత్త పూత మీద గీత పడితే చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరే. నేను బయటి నుంచి పైపుతో నీళ్ళు కుమ్మరిస్తాను. ఆవిడ ఒక్కో కుట్టునీ తలెత్తి చూస్తూ, చెమ్మ కనబడిన చోట సున్నా చుడుతుంది. ఒక్క చుక్క మీద పడినా ఆ టెంటు మా గడప దాటదు.

ఇన్నేళ్ళూ ఊసే లేని మొగుడు ఈ వానలకి ముందు ఊడిపడ్డాడు. తల్లి మంచాన పడిందట. ఎత్తి పడుకోబెట్టే దిక్కు లేదట. పెళ్ళాం అప్పుడు గుర్తొచ్చింది పెద్దమనిషికి. టైర్లు విప్పే ఇనప రాడ్డు చేత్తో పట్టుకుని కొట్టు ముందు నిలబడ్డాడు. వదిన పెద్ద కత్తెర తీసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఒక్క మెట్టెక్కి చూడు" అంది.

ఎక్కలేదు. ఆ కసి మా ఆయన మీద తీర్చుకున్నాడు. సందు మలుపులో పట్టుకుని ముందు పళ్ళు రాలగొట్టి, మీ అక్కని పంపకపోతే కొట్టుకి నిప్పంటిస్తానని చెప్పి పోయాడు. మా ఆయన రక్తం ఉమ్ముకుంటూ ఇంటికొచ్చాడు. ఆ గాయాలకి నేనే మందు రాశాను. ఆయన లేచి వెళ్ళి తలుపు గడియ రెండుసార్లు చూసుకొచ్చాడు. నాకు జాలేసింది, అసహ్యమూ వేసింది.

"వెళ్ళిరాకూడదూ అక్కా. ఆ ముసలావిడ కోసమైనా..." అన్నాడు, అన్నం ముందు కూర్చుని.

"ఆ ఇంట్లోకి నడిచి వెళ్తాను, మోసుకొస్తారు. నీకు సమ్మతమేనట్రా?"

ఆయన పళ్ళెం పక్కకి నెట్టి చెయ్యి కడుక్కున్నాడు.

తర్వాతి పరీక్ష రోజు పొద్దున నేను పైపు పట్టుకుని టెంటు వెనక కుట్ల మీద నీళ్ళు కొడుతున్నాను. పెరటి గేటు తీసిన చప్పుడు నాకే వినబడలేదు, ఆ నీళ్ళ హోరులో లోపలున్న మనిషికి ఏం వినబడుతుంది? ఇటు తిరిగేసరికి వదిన మొగుడు టెంటు ముందు వంగి, జిప్పు కొక్కేలు రెండూ కలిపి తాడుతో బిగిస్తున్నాడు.

"రేయ్!" అని అరిచాను.

లేచి నిలబడి టెంటు మీద రాడ్డుతో ఒక్కటేశాడు. గుడ్డని ఎత్తి పట్టే వంపు పుల్ల ఫట్‌మని విరిగి టెంటు కూలింది. తడి గుడ్డ వదినకి అతుక్కుపోయి తల, భుజాలు బొమ్మ కట్టినట్టు తేలాయి. ఆ ఆకారం మీద కొట్టాడు. భుజం మీద, వీపు మీద, మళ్ళీ భుజం మీద. లోపల కేక లేదు. దెబ్బ పడినప్పుడల్లా ఒక్క మూలుగు మాత్రం వచ్చింది.

పైపు నీళ్ళు అతని కళ్ళలోకి కొట్టాను. లెక్కచెయ్యలేదు. వీపు మీదికి దూకి చెవి కొరికాను, రక్తం ఉప్పగా నోట్లోకి వచ్చింది. మోచేత్తో నా ముక్కు మీద గుద్దాడు. బురదలో వెల్లకిలా పడ్డాను. అతను రాడ్డు పారేసి, టెంటును మూట కట్టినట్టు మెలిపెట్టి, మనిషితో సహా గేటు వైపు ఈడ్చడం మొదలుపెట్టాడు. వీధిలో లారీ తలుపు తెరిచి ఉంది.

"నడవవుగా! సామానులా వేసుకుపోతా" అంటున్నాడు.

ఆ గుడ్డ చిరగలేదు. ఎలా చిరుగుతుంది, కుట్టిందీ పూత పూసిందీ ఆవిడే. నీటి చుక్క దూరని చోట ఊపిరి ఎక్కణ్ణుంచి దూరుతుంది? నోరున్న చోట గుడ్డ లోపలికి పీల్చుకుపోయి, ఉబ్బి, మళ్ళీ పీల్చుకుపోతోంది. వరండాలో మా ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏవండీ! చచ్చిపోతోందండీ! రండి!"

కదల్లేదు. బల్ల దగ్గరికి నేనే పరుగెత్తాను. కత్తెర తెచ్చి, అతని కాళ్ళ మధ్య నుంచి దూరి, ఆ టెంటును పైనించి కిందికి చీరేశాను. నా నడుం మీద తన్నుతూనే ఉన్నాడు. చీలికలోంచి వదిన తల బయటపడింది. పెదాలు నల్లబడిపోయాయి. ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చింది. ఆ తర్వాత బురదలో చేత్తో తడిమి రాడ్డు అందుకుంది.

మొదటి దెబ్బకి అతని మోకాలి చిప్ప పగిలింది. ఆ చప్పుడు వీధిలోకి వినబడిందని పక్క సైకిల్ షాపువాళ్ళు తర్వాత చెప్పారు. పడ్డవాణ్ణి వదల్లేదు. చెయ్యి అడ్డం పెడితే చేతి మీద, బోర్లా తిరిగితే నడుం మీద కొట్టింది. నేను ఆపలేదు. ఆపాలనిపించలేదు. అతను "అమ్మా, అమ్మా" అని ఏడ్చేదాకా కొట్టింది. తర్వాత ఆసుపత్రిలో లారీ మీంచి పడ్డానని చెప్పుకున్నాడట. పెళ్ళాం కొట్టిందని చెప్పుకోవడం కన్నా అదే నయమనుకున్నాడు కాబోలు.

వదిన ఆ రాడ్డుతోనే వరండా దగ్గరికి నడిచింది. ఒక భుజం కిందికి వేలాడుతోంది.

"తలంటప్పుడు నా దగ్గర కత్తెర ఉండదు. ఆ సంగతి మన ముగ్గురికే తెలుసు. వీడికెవర్రా చెప్పారు?"

నేను గేటు వైపు చూశాను. దాని గడియ లోపలి వైపే ఉంటుంది, బయటి నుంచి తియ్యలేరు.

"కొట్టు తగలబెడతానన్నాడక్కా" అన్నాడు మా ఆయన. "నన్ను చంపేస్తానన్నాడు. ఊరికే తీసుకుపోతాడనుకున్నా. కొట్టనని ఒట్టేశాడు..."

ఆవిడ రాడ్డు పైకెత్తింది. ఆయన తల వంచి నిలబడ్డాడు. కొట్టు వదినా, అని మనసులో అనుకున్నాను. నా మొగుడే, నా పిల్లల తండ్రే, అయినా కొట్టమనే కోరుకున్నాను. ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉండి కిందికి దిగింది.

"పక్కకి జరగండి, నేను లోపలికెళ్ళాలి" అంది.

ఆయన దెబ్బ తిన్నట్టు వెనక్కి తూలాడు. ఎత్తుకుని పెంచిన తమ్ముణ్ణి ఆవిడ "అండి" అనడం నేను అంతకు ముందెప్పుడూ వినలేదు.

భుజం కట్టు విప్పాక వదిన మళ్ళీ పనిలో కూర్చుంది. ఎప్పట్లాగే నన్ను తిడుతుంది, అద్దెకొచ్చినవాళ్ళని తిడుతుంది. మా ఆయన కనబడితే మాత్రం గొంతు తగ్గిస్తుంది. "ఓనరుగారూ, ఇవి ఆరాయండి, తీసుకెళ్ళండి" అంటుంది. మొన్నొక రోజు ఆయన కావాలనే తడి టెంటు మడిచి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ విప్పి నీడలో ఆరేసింది.

ఆయన వంటింట్లోకి వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"తిట్టను కూడా తిట్టలేదే. ఎన్నాళ్ళిలా నన్ను 'మీరు' అంటుందంటావు?"

"బతికున్నన్నాళ్ళూ" అన్నాను.

ఆయన మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. నేను కూర తరుగుతూనే ఉన్నాను.