నా సవతి జిల్లేడు

నన్ను చేసుకుంటానని వచ్చిన పెద్దమనిషికి అప్పటికే ఇద్దరు పెళ్లాలు పోయారు. మూడో పెళ్లి అచ్చిరాదట. అందుకని ముందు జిల్లేడు చెట్టుకు తాళి కట్టి, దాన్ని నరికేసి, మూడో పెళ్లామూ పోయిందనిపించి, నన్ను నాలుగోదాన్నిగా తెచ్చుకోవాలని ఏర్పాటు. తప్పంతా మూడనే అంకెది, ఆయనది కాదు!

మా అవ్వ మురిసిపోయింది. "సుమ్మా ఉండవే, నోరెత్తకు! ఎన్నూరులో సొంతిల్లు ఉండాది. ఆడ నీకేం తక్కువ?" అంది. అవ్వ మాటకు నాన్న ఎదురు చెప్పడు. నేనప్పుడు ఇంటర్మీడియట్‌లో వృక్షశాస్త్రం చదువుతున్నాను. పెళ్లయ్యాక కాలేజీ మాట ఎత్తకూడదని ఆయన ముందే చెప్పేశాడు.

తన ఇంటి దగ్గరైతే నలుగురూ నవ్వుతారని వాషర్‌మెన్‌పేటలో మా పెరటి జిల్లేడునే ఎంచుకున్నాడు, ఘనుడు. దానికి పసుపు రాసి చీర చుట్టారు. పెళ్లికూతురి ముఖం ఒక్కరూ చూడలేదు కాబట్టి నేనే చెప్పాలి. కాడ లేని మందపాటి ఆకులు, ఎదురెదురుగా జంటలు, అడుగున తెల్లటి నూగు. మైనంతో చేసినట్టున్న లేత ఊదా పువ్వుకు అయిదు రేకులు, నడుమ కిరీటం. దాని పుప్పొడి పొడిగా రాలదు, జంట ముద్దలుగా తేనెటీగ కాలికి తగులుకుంటుంది. చిన్న ఈగలైతే పువ్వు నడిమి సందుల్లో ఇరుక్కుని కాలు వదులుకుని పోతాయి. పెళ్లికొడుక్కి ఆ మాత్రం శిక్ష కూడా పడలేదు.

తాళి కడుతుంటే ఆకు తెగి పాలు చేతిమీద కారాయి. "ఛీ, జిడ్డు!" అని పంచెకు తుడుచుకున్నాడు. మంత్రాలు ముగియగానే కత్తితో మొదలంటా నరికి, భోజనానికి కూర్చుని, పాయసం మళ్లీ వడ్డించమన్నాడు. పెళ్లాం పోయిన దుఃఖం అలాంటిది మరి!

నా పెళ్లి వచ్చే నెలలో. ఈలోగా వానలు పడ్డాయి. జిల్లేడు వేరు లోతుకు దిగుతుంది, పైన నరికితే చావదు. గోడ పక్కన మళ్లీ పిలకలు లేచాయి.

లగ్నపత్రిక రాయించడానికి ఆయన వచ్చిన రోజున అందరినీ పెరట్లోకి పిలిచాను.

"అవ్వా, ఈయన మూడో పెళ్లాం ఈడ బతికే ఉండాది, చూడు. పెళ్లాం ఉండంగా ఇంకోదాన్ని చేసుకుంటే ఇప్పుడు జైలంట" అన్నాను.

అవ్వ వంగి పిలకలను తడిమి చూసింది. ఆయన విసుక్కుంటూ నాన్న వైపు తిరిగాడు.

"కత్తి తెప్పించండి. ఇంకోసారి నరికేస్తే సరిపోయె!"

అవ్వ చప్పున నిటారుగా లేచింది. నా చెయ్యి పట్టుకుని తన వెనక్కి లాక్కుంది.

"ఎందర్ని పోగొడతావు నాయనా? ఇంక పో."